మజిలీల లెక్క : బహుదేశ నగరయాత్రకు ఒక ప్రణాళిక

విదేశయాత్ర నేడు విశ్వవిద్యాలయ ఉపాధ్యాయులకును, పరిశోధక విద్యార్థులకును అరుదైన విషయము కాదు. ఒకరు సదస్సునకు పోవుదురు. ఒకరు గ్రంథాలయమందలి వ్రాతప్రతిని చూడబోవుదురు. మఱియొకరు విదేశమున స్థిరపడిన బిడ్డలను చూచి రాబోవుదురు. ఎవరు ఏ పనిమీద వెళ్ళినను, అంతదూరము పోయినందుకు పొరుగు దేశములను నాల్గింటిని గూడ చూచి రావలెనను కోరిక సహజము. ఆ కోరిక తరచుగా ఒక పట్టికగా పరిణమించుచున్నది: పండ్రెండు దినములు, ఏడు దేశములు, ఎనిమిది నగరములు. ఏండ్ల తరబడి కూడబెట్టిన ధనము ఆ పట్టికపై వ్యయమగును. తిరిగివచ్చిన పిదప జ్ఞాపకమున మిగులునది రైలుపెట్టెలును, విడిది తాళపుచెవులును, ఏ ఊరివో పోల్చరాని ఛాయాచిత్రములును.

ఇట్టి యాత్రను ఏ విధముగా యోచింపవలెనో ఈ వ్యాసమున వివరింపదలచితిమి. ఉదాహరణమునకు మధ్య ఐరోపాయందలి ప్రాగ్, వియన్నా, బుడాపెస్ట్ నగరములను గ్రహించితిమి. కొలమానమును మాత్రము మన భాషనుండియే తీసికొంటిమి. యాత్రాచరిత్రలు మన శాఖలకు క్రొత్తవి కావు. వానియందు భాషను, శైలిని, సాంఘిక చరిత్రను మనము పరిశీలించుచున్నాము. ప్రయాణమును కూర్చుకొను విద్య గూడ వానియందు కలదని మా అభిప్రాయము.

1. మజిలీ యను మాట

'మజిలీ' అరబ్బీ భాషలోని 'మన్‌జిల్' శబ్దమునుండి పారసీక, హిందూస్థానీల ద్వారమున తెలుగునకు వచ్చినది. దిగుట అని అర్థమిచ్చు ధాతువు దానికి మూలము. కావున మజిలీ యనగా ప్రయాణికుడు దిగుచోటు. తెలుగువారు ఆ మాటను రెండర్థములలో వాడిరి. విడిసిన తావు మజిలీయే. ఒక విడిదినుండి మఱియొక విడిదివఱకు నడచు దూరమును మజిలీయే. నడకకును, విశ్రాంతికిని ఒకే మాట చాలుట యాదృచ్ఛికము కాదు. పూర్వపు బాటసారి దృష్టిలో ఆ రెండును ఒకే లెక్కలోని రెండు వైపులు.

ఈ లెక్కను తెలుగు వచనమున ఎల్లరకంటె నిశితముగా చూపినవాడు ఏనుగుల వీరాస్వామయ్య. మద్రాసు సుప్రీముకోర్టులో దుబాసీగా పనిచేసిన ఆయన 1830 మే 18న కాశీయాత్రకు బయలుదేరి 1831 సెప్టెంబరు 3న మద్రాసునకు తిరిగి చేరెను. దారిలోని విశేషములను మిత్రుడైన కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళకు లేఖలుగా వ్రాసెను. 'కాశీయాత్ర చరిత్ర'యై 1838లో అచ్చుపడినవి ఆ లేఖలే. కుంఫిణీ సీమలును, నిజాము రాజ్యమును, నాగపూరు భోంసలేల రాజ్యమును దాటిన ఆ ప్రయాణమును నేటి మాటలో బహుదేశయాత్ర యనుట తప్పు కాదు.

ఆ గ్రంథమునుండి ప్రణాళికకు సంబంధించిన రెండు విషయములను గ్రహింపవచ్చును. మొదటిది: ఆయన చేరిన ఊరిపేరుతో తృప్తిపడక ఊరికిని ఊరికిని నడుమ దూరమును, దారి తీరును, దిగుటకు చోటును, సామగ్రి దొరకు వసతిని తెలిపెను. రెండవది: ఆయన పోయిన దారిన తిరిగి రాలేదు. పోవునపుడు తిరుపతి, శ్రీశైలము, హైదరాబాదు, నాగపూరుల మీదుగా కాశికి పోయెను. వచ్చునపుడు గయ, పాట్నా, కలకత్తాల మీదుగా దిగి, జగన్నాథమునుండి తూర్పుతీరమున ఇల్లు చేరెను. చూచినదానిని మరల చూచుటకు దినములు వ్యయము కాలేదు.

మధిర సుబ్బన్న దీక్షితుల 'కాశీమజిలీ కథలు' ఇందుకు సాహిత్యపు తోడు. మణిసిద్ధుడు గోపబాలకుని వెంటబెట్టుకొని కాశికి పోవును. బాలుడు దారిలోనో, ఊరిలోనో ఒక వింత చూచును. దాని వృత్తాంతమును మణిసిద్ధుడు మజిలీలో చెప్పును. ఈ కల్పన వెనుక ఒక అనుభవసత్యము కలదు. కన్ను దారిలో చూచును. చూచినదానికి అర్థము మజిలీలో కలుగును. మజిలీ లేని ప్రయాణమున వింతలుండును గాని కథ యుండదు. బహునగరయాత్రకు ప్రణాళిక వేయువారు మొట్టమొదట గుర్తింపవలసిన సూత్రము ఇదియే.

2. దినముల లెక్క

పైని చెప్పిన పట్టికనే పరీక్షింతము. పారిస్, బ్రస్సెల్స్, ఆమ్‌స్టర్‌డామ్, బెర్లిన్, ప్రాగ్, వియన్నా, వెనీస్, రోమ్ అను ఎనిమిది నగరములను పండ్రెండు దినములలో చూడవలెననుకొందము. నగరమునుండి నగరమునకు మారుట ఏడుసార్లు. ఒక్కొక్క మార్పునకు విడిది ఖాళీచేయుట, స్టేషను చేరుట, ప్రయాణించుట, క్రొత్త ఊరిలో దారి తెలిసికొని సామాను దింపుట అను పనులుండును. తక్కువలో తక్కువ అరదినము ఇందుకు పోవును. అనగా మూడున్నర దినములు. వచ్చిన దినమున ఒక పూటయు, పోవు దినమున ఒక పూటయు కలిపి మఱియొక దినము. మిగిలినది ఏడున్నర దినములు. చూడవలసినవి ఎనిమిది నగరములు. నగరమునకు ఒక దినమైనను రాలేదు.

ఇందును అరదినమను అంచనా మిక్కిలి ఉదారమైనది. ఆమ్‌స్టర్‌డామునుండి బెర్లినునకు రైలులో ఆఱుగంటలు పట్టును. వియన్నానుండి వెనీసునకు ఏడుగంటలు దాటును. విమానమున పోయినను, ఊరివెలుపలి విమానాశ్రయమునకు పోవుట, తనిఖీలు, నిరీక్షణము కలిపినచో ఆదా యగు కాలము స్వల్పము.

కావున ప్రణాళికయందు మొదట వ్రాయవలసినది నగరముల పేళ్ళు కాదు, రాత్రుల సంఖ్య. దినములను లెక్కించినచో మనస్సు మనలను మోసగించును. సోమవారము సాయంకాలము చేరి బుధవారము ఉదయము విడిచిన ఊరిని 'మూడు దినములు' చూచితిమని వ్రాసికొందుము. రాత్రులను లెక్కించినచో అవి రెండే. రెండు రాత్రుల నడుమ నిండు పగలు ఒక్కటియే యుండును. మూడు రాత్రులకు రెండు నిండు పగళ్ళు, నాలుగు రాత్రులకు మూడు. మహానగరమునకు మూడు రాత్రులకు తక్కువ కేటాయింపరాదనునది మా నిర్ణయము. వృద్ధులైన తల్లిదండ్రులను వెంటగొని పోవువారు ఇంకొక రాత్రి చేర్చుకొనవలెను. ప్రాగ్ పాతబస్తీలోని వీధులు రాతిపలకలు పరచినవి. కోట మెట్టమీద నున్నది. అలసిన కాళ్ళకు ఒక పూట విశ్రాంతి ఇయ్యని ప్రణాళిక మూడవనాటికే చెడును.

3. నగరముల ఎంపిక

నగరములను ఎన్నుకొనుటకు కీర్తి యొక్కటియే ప్రమాణము కారాదు. మణులను హారముగా చేయునది సూత్రము. నగరములను యాత్రగా చేయునదియు సూత్రమే. ప్రాగ్, వియన్నా, బుడాపెస్టులను ముడివేయు సూత్రము చరిత్ర. 1867 నుండి 1918 వఱకు ఈ మూడును ఆస్ట్రియా-హంగరీ యను ఒకే రాజ్యమున నుండెను. వియన్నా చక్రవర్తి నివాసము. బుడాపెస్ట్ హంగరీ రాజధాని. ప్రాగ్ బొహీమియాకు ప్రధాననగరము. అందుచేత ఒకచోట చూచిన భవనమో, రాజచిహ్నమో, పేరో మఱియొకచోట మరల కన్పట్టును. రెండవమారు కన్పట్టునపుడు దాని అర్థము ఇనుమడించును.

ఆ ఏకత్వము తరువాత భగ్నమైనది. మొదటి ప్రపంచయుద్ధానంతరము రాజ్యము ముక్కలైనది. రెండవ యుద్ధము పిదప ఇనుపతెర దిగినది. వియన్నాకును బుడాపెస్టునకును నడుమ సరిహద్దునందలి ముళ్ళకంచెను 1989లో తొలగింపసాగిరి. నేడు ఆ సరిహద్దును రైలు దాటుచున్నపుడు ఎప్పుడు దాటినదో తెలియకుండుటయు సాధ్యమే. ఈ చరిత్ర తెలిసి పోయినవానికి ఆ మూడుగంటల రైలుప్రయాణము గూడ చూడదగినదియే యగును.

రెండవ కారణము దూరము. ప్రాగ్‌నుండి వియన్నాకు రైలులో సుమారు నాలుగుగంటలు; వియన్నానుండి బుడాపెస్టునకు మూడుగంటలకు లోపు. స్లొవేకియా రాజధానియైన బ్రాటిస్లావా వియన్నాకు సుమారు 60 కిలోమీటర్ల దూరముననే యున్నది, గంటసేపటి ప్రయాణము. విడిది మార్పక ఉదయము పోయి సాయంకాలము రాదగిన ఊరు. నాలుగవ దేశము ఇట్లు మజిలీ వ్యయము లేకయే లభించును.

4. క్రమమును, వారములును

నగరములు మూడును ఇంచుమించు ఒకే మార్గమున నున్నవి. ఒక కొనయందు ప్రవేశించి వేఱొక కొననుండి మరలవలెను. ప్రాగ్‌లో దిగి, బుడాపెస్టునుండి విమాన మెక్కవలెనని భావము. పోక ఒక నగరమునకును, రాక వేఱొక నగరమునుండియు ఉండునట్లు ఒకే టికెట్టుగా కొనవచ్చును. దాని వెల మామూలు రానుపోను టికెట్టు వెలకంటె కొంచెము హెచ్చుగా కన్పట్టవచ్చును; కాని బుడాపెస్టునుండి ప్రాగ్‌నకు తిరిగి పోవలసిన ఏడుగంటల రైలుప్రయాణమును, దాని ఖర్చును, కోల్పోవు దినమును కలిపి పోల్చి చూడవలెను. వీరాస్వామయ్య వచ్చుదారిని మార్చుకొనుటలోని వివేకము ఇదియే.

తరువాత వారముల విచారము. దీనిని అనేకులు ఉపేక్షింతురు. ప్రాగ్‌లోని జాతీయ చిత్రశాలకును, బుడాపెస్టులోని లలితకళల మ్యూజియమునకును సోమవారము సెలవు. వియన్నాలోని కళాచరిత్ర మ్యూజియము గూడ వేసవి నెలలు తప్ప సోమవారము తెరువబడదు. ప్రాగ్‌లోని యూదుల మ్యూజియమునకు శనివారము సెలవు. అది వారి విశ్రాంతిదినము. ఆస్ట్రియాలో ఆదివారము దుకాణములు సామాన్యముగా మూసియుండును. మే 1వ తేది మూడు దేశములందును సెలవు. మే 8వ తేది చెక్ దేశమున సెలవు.

ఈ నియమములను ఒకచోట చేర్చి పది రాత్రుల యాత్రను కూర్చి చూపుదుము. గురువారము అర్ధరాత్రి దాటిన పిదప హైదరాబాదున విమాన మెక్కి, దారిలో విమానము మారి, శుక్రవారము ప్రాగ్ చేరుదురు. శుక్ర, శని, ఆదివారముల రాత్రులు ప్రాగ్‌లో. శనివారము కోటయు, 1357లో పునాదిపడిన చార్లెస్ వంతెనయు, ఆదివారము యూదులపేట. సోమవారము మ్యూజియములు లేవు గనుక ఆ దినమే రైలెక్కి వియన్నా చేరుదురు. సోమ, మంగళ, బుధ, గురువారముల రాత్రులు వియన్నాలో. అందులో ఒక పగలు బ్రాటిస్లావాకు. ఆదివారము వియన్నాలో తగులదు. శుక్రవారము బుడాపెస్టునకు, శుక్ర, శని, ఆదివారముల రాత్రులు అచ్చట. రెండవ సోమవారము తిరుగుప్రయాణము. సోమవారములు రెండును ప్రయాణములకే పోయినవి. మూసిన తలుపు ఒక్కటియు ఎదురుపడలేదు.

ఐరోపాలో గడచినవి పదునొకండు దినములు. మార్పులు రెండింటికి ఒక దినము, రాకపోకలకు ఒక దినము తీసివేయగా తొమ్మిది నిండు దినములు మిగిలినవి. ఎనిమిది నగరముల పట్టికలో పండ్రెండు దినములకు మిగిలినవి ఏడున్నరయే. దినము తగ్గి దర్శనము పెరిగినది. సెలవు లెక్కయు ఇందే తేలును: మంగళవారము ఇల్లు చేరువఱకు ఎనిమిది పనిదినములు చాలును.

మనకు వేసవి సెలవులు గల మే నెల ఈ నగరములకు అనుకూలమైనది. ఎండ తీవ్రము కాదు. వియన్నాలో ఆ నెల నడుమ సూర్యాస్తమయము రాత్రి ఎనిమిదిన్నర ప్రాంతమున నగును. డిసెంబరున సాయంకాలము నాలుగింటికే ప్రొద్దు క్రుంకును. ఒకే పది రాత్రుల యాత్ర మే నెలలో మిక్కిలి పెద్దది, డిసెంబరులో మిక్కిలి చిన్నది.

5. అనుమతిపత్రములు

పరరాజ్యమున సంచరించుటకు ఇచ్చు అనుమతిని మన పెద్దలు రాదారి యనిరి. నేటి రాదారి వీసా. 1985 జూన్ 14న లక్సెంబర్గులోని షెంగెన్ అను గ్రామమున ఐదు దేశములు చేసికొన్న ఒడంబడిక క్రమముగా విస్తరించి నేడు 29 దేశములకు వ్యాపించినది. చెక్ దేశము, స్లొవేకియా, హంగరీ 2007 డిసెంబరు 21న అందు చేరినవి; ఆస్ట్రియా అంతకు ముందే చేరినది. కావున మన నాలుగు దేశములకు ఒకే వీసా చాలును. ఏ 180 దినములలోనైనను 90 దినములకు మించి అచ్చట నుండరాదు. బ్రిటను, ఐర్లండు ఈ కూటమిలో లేవు. లండనును గూడ చేర్చుకొనువారు వేఱొక వీసా పొందవలెను.

ఏ దేశపు కార్యాలయమున దరఖాస్తు చేయవలెనను ప్రశ్నకు సమాధానము మజిలీల లెక్కలోనే యున్నది. ఎక్కువ దినములు ఏ దేశమున గడపుదుమో ఆ దేశమునకు దరఖాస్తు చేయవలెను. దినములు సమానమైనచో మొదట ప్రవేశించు దేశమునకు. మన ఉదాహరణమున ప్రాగ్‌కు మూడు, వియన్నాకు నాలుగు, బుడాపెస్టునకు మూడు రాత్రులు. కనుక మొదట దిగునది చెక్ దేశమైనను దరఖాస్తు ఆస్ట్రియాకు పోవలెను. వియన్నాలో ఒక రాత్రి తగ్గించి మూడింటిని సమము చేసినచో దరఖాస్తు చెక్ దేశమునకు మారును. ఒక్క రాత్రి మార్పు కార్యాలయమునే మార్చును. రాత్రుల సంఖ్య స్థిరపడక మునుపు దరఖాస్తు పూరింపరాదనుటకు ఇదియే హేతువు.

దరఖాస్తును ప్రయాణమునకు ఆఱు నెలల ముందునుండి చేయవచ్చును. పదునైదు దినములకు ముందే చేసి తీరవలెను. నిర్ణయమునకు సామాన్యముగా పదునైదు దినములు పట్టును. కొన్ని సందర్భములలో నలుబదియైదు దినములవఱకు పొడిగింతురు. వేసవిలో దరఖాస్తుదారుల రద్దీ హెచ్చు గనుక మే నెల యాత్రకు జనవరి, ఫిబ్రవరులలోనే పూనుకొనుట మేలు. రుసుము 2024 జూన్ 11 నుండి పెద్దలకు 90 యూరోలు. పాస్‌పోర్టు గడచిన పదియేండ్లలోపల జారీయైనదై, తిరుగుప్రయాణపు తేదీ పిదప కనీసము మూడు నెలలు చెల్లునదై యుండవలెను. 30,000 యూరోలకు తగ్గని వైద్యబీమా తప్పనిసరి. బ్యాంకు లెక్కలు, విడిదుల వివరములు, సెలవు మంజూరుపత్రము జతపరుపవలెను. ప్రభుత్వోద్యోగులు విదేశయాత్రకు పై అధికారుల అనుమతిని ముందుగా పొందవలెను; దీనికి పట్టు కాలమును గూడ లెక్కలో చేర్చుకొనవలెను. వీసా చేతికి రాకమునుపు రద్దుచేసికొను వీలులేని టికెట్లను, విడిదులను కొనరాదు.

ఫ్రాంక్‌ఫర్టు వంటి చోట విమానము మారువారికి సరిహద్దు తనిఖీ అచ్చటనే జరుగును. అందుచేత విమానముల నడుమ తగినంత వ్యవధి యుంచుకొనవలెను. రాకపోకలను యంత్రములపై నమోదుచేయు పద్ధతి 2025 అక్టోబరు 12 నుండి క్రమముగా ప్రవేశపెట్టబడినది. సభ్యదేశముల నడుమ సామాన్యముగా తనిఖీ యుండదు. కాని తాత్కాలికముగా తనిఖీ చేయు అధికారము ఆ దేశములకు కలదు. కావున రైలులో సైతము పాస్‌పోర్టు చేతనుండవలెను.

6. రైళ్ళు, ద్రవ్యము, ఊళ్ళ పేళ్ళు

ఈ మార్గమందలి రైలు టికెట్లను కొన్ని వారముల ముందు కొన్నచో తగ్గింపు వెలకు దొరకును. కాని అట్టి టికెట్టు సామాన్యముగా ఆ రైలునకే చెల్లును. ఏ స్టేషనునుండి రైలు బయలుదేరునో టికెట్టుపై చూచుకొనవలెను. బుడాపెస్టులో పెద్ద స్టేషనులు ఒకటికంటె ఎక్కువ. వానిలో 'కెలెటి' యనునది తూర్పు స్టేషను. ప్రాగ్‌లోని 'హ్లావ్‌నీ నాడ్రాజీ' యను మాటకు ప్రధాన స్టేషను అనియే అర్థము.

నాలుగు దేశములకు ద్రవ్యములు మూడు. ఆస్ట్రియా, స్లొవేకియాలలో యూరో, చెక్ దేశమున కొరూనా, హంగరీలో ఫోరింట్. విమానాశ్రయమున మార్పిడి లాభకరము కాదు గనుక చిల్లర ఖర్చులకు కొంత నగదు మాత్రము ఉంచుకొని, మిగిలిన చెల్లింపులు కార్డుతో చేయుట సులభము. కార్డుతో చెల్లించునపుడు రూపాయలలోనా, స్థానిక ద్రవ్యములోనా యని యంత్రము అడుగుట కలదు. స్థానిక ద్రవ్యమునే కోరవలెను. రూపాయలను కోరినచో మార్పిడి వెలను ఆ వర్తకుని పక్షమువారు నిర్ణయింతురు. అది సామాన్యముగా మనకు నష్టము.

ఊళ్ళ పేళ్ళు గూడ దేశముతో మారును. మనము వియన్నా యనునది జర్మనులో వీన్, చెక్ భాషలో వీదెన్య్, హంగేరియనులో బేచ్. బ్రాటిస్లావాకు పాత జర్మను పేరు ప్రెస్‌బుర్గ్, హంగేరియను పేరు పొజోన్య్. రహదారి సూచికలందును, పటములందును, పాత గ్రంథములందును ఈ పేళ్ళు కన్పట్టును. వీనిని ముందుగా ఒక కాగితముపై వ్రాసికొన్నవాడు దారి తప్పడు. పాఠభేదములకు అలవాటుపడిన మన విద్యార్థులకు ఇది కష్టమైన పని కాదు.

7. మజిలీ యిచ్చు ఫలము

మూడేసి రాత్రులు నిలిచినందున కలుగు ప్రయోజనమును తెలుగు, ద్రావిడ విద్యలకు సంబంధించిన ఉదాహరణములతో చూపుదుము. మార్గదర్శక పుస్తకములందు ఇవి ముందుగా కన్పట్టవు, నిలుకడగలవానికే లభించును.

వియన్నా విశ్వవిద్యాలయమున 1881 నుండి 1898లో మరణించువఱకు ఆచార్యుడై యుండినవాడు గెయోర్గ్ బ్యూలర్. కృష్ణా డెల్టాయందలి భట్టిప్రోలు స్తూపమున 1892లో అలెగ్జాండర్ రీ త్రవ్వించి తీసిన ధాతుకరండములపై లేఖనములను చదివి, 'ఎపిగ్రాఫియా ఇండికా' రెండవ సంపుటమున ప్రకటించినవాడు ఆయనయే. అశోకుని బ్రాహ్మికంటె కొన్ని అక్షరములందు భిన్నమైన ఆ లిపిని మనము తరగతులలో బోధించుచున్నాము. ఆ పాఠము నిర్ణీతమైన కాలమున పాఠకుడు వియన్నాలో నుండెనను సంగతి తెలిసి విశ్వవిద్యాలయ ప్రాంగణమున ఒక పూట గడపుట వ్యర్థము కాదు.

ప్రాగ్‌లోని చార్లెస్ విశ్వవిద్యాలయము 1348లో స్థాపింపబడినది. తమిళ సాహిత్యమున, ద్రావిడ భాషాశాస్త్రమున ప్రసిద్ధుడైన కామిల్ జ్వెలెబిల్ 1927లో ఆ నగరమున జన్మించి, అచ్చటి ప్రాచ్యవిద్యాసంస్థలో పనిచేసి, తరువాత నెదర్లాండ్సులోని యూట్రెక్టు విశ్వవిద్యాలయమున ఆచార్యుడయ్యెను. ద్రావిడ ధ్వనిశాస్త్రమును చదువు విద్యార్థికి ప్రాగ్ పేరు ఆయన వలన పరిచితమే.

బుడా, ఓబుడా, పెస్ట్ అను మూడు ఊళ్ళు 1873లో ఏకమై బుడాపెస్ట్ అయినది. 1849లో తెరువబడిన గొలుసువంతెనకు పెస్ట్ ఒడ్డున హంగరీ విజ్ఞానపరిషత్తు భవనము కలదు. తిబ్బతు భాషకు నిఘంటువును రచించి 1834లో కలకత్తాలో ప్రకటించిన చోమా షాండోర్ హంగరీ వాడే. ఆయన సమాధి డార్జిలింగులో నున్నది. మధ్యాసియా పరిశోధకుడైన ఆరెల్ స్టెయిన్ 1862లో ఈ పెస్టులోనే పుట్టెను.

వీనికంటె గూడ తెలుగు ఉపాధ్యాయుని చెవిని ఆకర్షించునది హంగేరియను భాష. అది ఇండో-యూరోపియను కుటుంబమునకు చెందినది కాదు. మన భాషవలె ప్రత్యయములను వెనుక చేర్చుకొను భాష. 'హాజ్' అనగా ఇల్లు, 'కెర్ట్' అనగా తోట. 'ఇంటిలో' అనుటకు 'హాజ్‌బన్', 'తోటలో' అనుటకు 'కెర్ట్‌బెన్' అందురు. ప్రకృతియందలి అచ్చును బట్టి ప్రత్యయపు అచ్చు మారినది. మన 'ఇంటికి, తోటకు' అను రూపములందు ప్రత్యయము పూర్వాచ్చును అనుసరించుటతో దీనిని పోల్చి చూడవచ్చును. ఈ రెండు భాషలకు బంధుత్వము కలదని మేము చెప్పుట లేదు. అచ్చుల పొందిక యను లక్షణము దూరభాషలందు స్వతంత్రముగా ఏర్పడునని మాత్రమే దీనివలన తెలియును. మొదటినాడు ట్రాములోని ప్రకటనలు అర్థరహితమైన ధ్వనులుగా వినబడును. మూడవనాటికి ఏ ధ్వని పదము చివర మాటిమాటికి వచ్చుచున్నదో చెవి పోల్చుకొనును. ఒక రాత్రి నిలిచి పోయినవానికి ఈ లాభము కలుగదు.

చిత్రముల విషయమును ఇట్టిదే. వియన్నాలోని కళాచరిత్ర మ్యూజియమున బ్రూగెల్ 1565లో రచించిన 'మంచులో వేటగాండ్రు' కలదు. దానిని ఒకసారి చూచినవాడు మంచును చూచును. సాయంకాలము విడిదిలో దానిని గూర్చి చదివి మరునాడు మరల చూచినవాడు లోయలో ఆడుకొను చిన్నచిన్న మనుష్యులను గూడ చూచును. ఒకే వస్తువును రెండవమారు చూచుటకు అవకాశ మిచ్చునది మజిలీయే.

8. ఒక ఆక్షేపము

"జన్మలో ఒకమారు పోవుదుము, మరల పోవుదుమో లేదో. కనుక వీలైనన్ని ఊళ్ళు చూడవలదా?" అని కొందరు ఆక్షేపింతురు. ఈ ఆక్షేపమును తేలికగా త్రోసివేయరాదు. విమానపు ఖర్చు ఎట్లును భరించితిమి. ఇంకొక నగరమును చేర్చుటకు అగు అదనపు ధనము తక్కువయే. కాని అదనపు కాలము తక్కువ కాదు. చేర్చిన ప్రతినగరమును తక్కిన నగరములనుండి ఒక్కొక్క పూట దొంగిలించును. జన్మలో ఒక్కమారే పోవువానికి నెమ్మదిగా చూడవలసిన హేతువు ఇంకను బలమైనది. ఏలనగా సగము చూచినదానిని పూర్తిచేసికొనుటకు అతనికి రెండవ యవకాశము లేదు. విడిచిపెట్టిన రోము నగరము పుస్తకములందు చెడకయే యుండును. ఒక పూటలో చూచి అపార్థము చేసికొన్న రోము నగరము, చూచితిమను భ్రాంతితో పాటు, తిరిగివచ్చి తరగతి గదిలో విద్యార్థులకు గూడ చేరును. ఉపాధ్యాయునకు ఈ నష్టము స్వంతము మాత్రమే కాదు.

కావున బహుదేశయాత్రకు పూనుకొనువారు ఈ క్రమమును అనుసరింతురు గాక: మొదట చేతనున్న రాత్రులను లెక్కించవలెను, ఆ సంఖ్యను మూడుతో భాగించి నగరముల సంఖ్యను తేల్చుకొనవలెను, ఒకే సూత్రమున ఇముడు నగరములను, దగ్గరి దూరములను చూచి ఎన్నుకొనవలెను, పోయిన దారిన తిరిగి రాకుండ కొనలను నిర్ణయింపవలెను, వారములను సరిచూచి సోమవారమును ప్రయాణమునకు విడువవలెను, అటుపిమ్మట వీసా, ఆ పిమ్మట టికెట్లు. ఈ వరుసలో చివరి పనిని మొదట చేయుటయే పెక్కు యాత్రలు చెడుటకు కారణము. టికెట్టు చౌకగా దొరకినదను హేతువుచేత నగరము ఎన్నుకొనబడుచున్నది. నగరము ఎన్నుకొన్న పిదప రాత్రులు వెదకబడుచున్నవి. రాత్రులనుండి నగరములకు నడచినచో, దిగిన ప్రతిచోటును మజిలీ యగును. మజిలీకి ఒక కథ దక్కును.